గాలివాన తగ్గాక కరెంటు లేని రోజులు: ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే

[దృశ్యం: మంచం పక్కన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మిషన్) నడుస్తోంది. లైటు ఆరిపోతుంది, మిషన్ కూతపెడుతుంది.]

వాయిస్: తుఫాను హెచ్చరిక రాగానే అందరి భయమూ గాలి గురించే. పెద్దవాళ్లకు అసలు గండం ఆ తర్వాత మొదలవుతుంది. కరెంటుండదు, మందుల షాపు తెరవరు, అంబులెన్సుకు దారుండదు. 2005లో కత్రినా హరికేన్‌కు అమెరికాలోని లూసియానాలో చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవాళ్లే.

[గ్రాఫిక్: 680 ÷ 2 = 340 నిమిషాలు]

వాయిస్: మిషన్ ఆగినా ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని ధీమా వద్దు, లెక్క వేయండి. 680 లీటర్ల సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఐదు గంటల నలభై నిమిషాలు వస్తుంది. ఒక రాత్రికే చాలదు. ఎక్కువసేపు రావాలని ఫ్లో మీరే తగ్గించకండి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లను తొలి హెచ్చరికకే జనరేటర్ ఉన్న చోటికి చేర్చాలి. వాకిట్లోకి నీళ్లొచ్చాక వీల్‌చెయిర్ కదలదు.

[క్లోజప్: ఐస్‌ప్యాక్‌కు ఆనుకుని ఇన్సులిన్ సీసా. చెయ్యి దాన్ని తీసి, ఐస్‌ప్యాక్‌కు తువ్వాలు చుడుతుంది.]

వాయిస్: ఐస్‌కు ఆనించిన ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు. ఒకసారి గడ్డకట్టిందంటే కరిగినా వాడకూడదు. వేడి 30 డిగ్రీలు దాటకపోతే చాలా రకాలు ఫ్రిజ్ లేకున్నా 28 రోజుల దాకా ఉంటాయి. మీ రకం సంగతి పెట్టెలోని కాగితంలో చూసుకోండి.

మిగతా మందులు కనీసం వారానికి సరిపడా, స్ట్రిప్పులతోనే జిప్ కవర్లో పెట్టండి. విడి మాత్రలు ఒకే డబ్బాలో పోస్తే శిబిరంలో డాక్టర్ కూడా ఏది ఏదో పోల్చుకోలేరు. చీటీ జిరాక్సు, కళ్లజోడు, వినికిడి మిషన్ బ్యాటరీలు అందులోనే వేయండి. రాత్రి మిషన్ తీసేశాక సైరన్ వినపడదు, ఎవరో ఒకరు తట్టి లేపాలి.

[దృశ్యం: ఉక్కపోత గది, ఆగిన ఫ్యాను, ముట్టని నీళ్ల సీసా]

వాయిస్: వయసు మీదపడితే దాహం సరిగా తెలియదు. పైగా చీకట్లో బాత్‌రూముకు వెళ్లాలన్న భయంతో కొందరు కావాలనే తాగరు. మంచం పక్కన టార్చి పెట్టి, గంటకోసారి కొన్ని గుక్కలు తాగించండి. గుండె, కిడ్నీ జబ్బులుంటే డాక్టర్ చెప్పిన కొలతే. ఉన్నట్టుండి మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ముసలితనం అనుకోకండి. వడదెబ్బ కావచ్చు, పక్షవాతం కావచ్చు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయండి. ఒళ్లు కాలిపోతుంటే అది వచ్చేలోగా తడిగుడ్డతో తుడుస్తూ విసరండి.

ఒంటరిగా ఉండేవాళ్లను ఫోన్లో అడిగితే “బాగానే ఉన్నా” అంటారు. పూటకోసారి ఎవరైనా వెళ్లి, సీసాలో నీళ్లెంత తగ్గాయో చూసి రావాలి.