‘ముందు మేమే విచారించుకోవచ్చా?’ – బడులు, చట్టాలపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. బళ్లు తెరిచారు. పుస్తకాలు, యూనిఫాంలు, బస్సు ఫీజుల హడావిడిలో ఉన్నారు అందరూ. స్కూలు నడిపేవాళ్లకి, అందులో పనిచేసేవాళ్లకి, పిల్లల్ని పంపేవాళ్లకి చట్టం విషయంలో ఉండే సందేహాలకు ఈ గంట. బడుల కేసులు చాలాకాలంగా చూస్తున్న అడ్వకేట్ మేడమ్ మనతో ఉన్నారు. ఫోన్ చేసేవాళ్లు పేరు చెప్పొద్దు, స్కూలు పేరు అసలే చెప్పొద్దు. మొదటి కాల్ లైన్‌లో ఉంది. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండి. నేను గుంటూరు జిల్లాలో ఒక స్కూలుకి కరస్పాండెంట్‌ని. మా ఊరు...

అడ్వకేట్: ఊరు వద్దండి. జిల్లా చెప్పారు, చాలు.

కాలర్: సరేనండి. నాలుగో తరగతి పాప ఒకటి నిన్న సాయంత్రం క్లాస్ టీచర్‌తో ఏదో చెప్పిందట, బస్సులో ఉండే అటెండర్ గురించి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, అదీ ఇదీ అని. మావాడు పదేళ్లుగా ఉన్నాడండి, నమ్మకస్తుడు. రేపు ఇద్దరినీ ఆఫీసు రూములో కూర్చోబెట్టి, ఎదురెదురుగా అడుగుదామనుకుంటున్నాం. నిజమని తేలితే అప్పుడు పోలీసులకి చెప్తాం. ముందు మేమే విచారించుకోవచ్చా అని...

అడ్వకేట్: వద్దండి. అతన్ని ఎదురుగా పెట్టి తొమ్మిదేళ్ల పాపని అడిగితే ఏం చెప్తుంది? ‘ఏమీ లేదు సార్’ అంటుంది. దాన్ని మీరు కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టించుకుంటారు. రేపు కేసయినప్పుడు ఆ కాగితమే మీ మెడకి చుట్టుకుంటుంది, సాక్షిని బెదిరించారని.

కాలర్: అబద్ధమైతేనోనండి? పరువు పోతుంది కదా.

అడ్వకేట్: నిజమా అబద్ధమా తేల్చే పని చట్టం మీకు ఇవ్వలేదు. పిల్లల మీద లైంగిక నేరాల గురించి 2012లో తెచ్చిన పోక్సో చట్టంలో 19వ సెక్షన్ ఉంది. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్. మామూలు మనిషికి ఆరు నెలల దాకా జైలు. సంస్థకి బాధ్యుడిగా ఉండి, కింద పనిచేసేవాడి సంగతి దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. ఆ రెండోదాంట్లో ఉండేది మీరు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లమీద, చివరికి అది నిరూపణ కాకపోయినా, కేసు పెట్టడానికి లేదని అదే 19వ సెక్షన్ చెప్తోంది. చెప్తే మీకు రక్షణ ఉంది, చెప్పకపోతే లేదు.

కాలర్: పాప వాళ్ల నాన్నకి చెప్పామండి. ఆయనే ‘ఆడపిల్ల, గొడవ చెయ్యొద్దు’ అన్నాడు.

అడ్వకేట్: ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆయన వద్దన్నారని మీ బాధ్యత పోదు. ఆయనకి ఇంకో మాట చెప్పండి. పాప వాంగ్మూలం ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి, అమ్మానాన్నల ముందే రాసుకోవాలి. రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచడానికి వీల్లేదు. వైద్య పరీక్ష అవసరమైతే లేడీ డాక్టరే చెయ్యాలి. స్టేషన్ మెట్లెక్కాలన్న భయంతోనే చాలామంది నాన్నలు వెనక్కి తగ్గుతారు. ఈ మాట చెప్తే సగం భయం పోతుంది.

యాంకర్: మరి ఈ రాత్రికి ఆయన చెయ్యాల్సింది?

అడ్వకేట్: ఫోన్ పెట్టగానే 112 గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098 గానీ, మీ స్టేషన్ గానీ. ఆ టీచర్‌ని పాప అన్న మాటలు అన్నట్టుగానే రాయమనండి. ‘అసభ్యంగా ప్రవర్తించెను’ అని మన ఆఫీసు భాషలో కాదు, పాప ఏ మాట వాడితే ఆ మాట. తేదీ, టైము, సంతకం. మళ్లీ మళ్లీ అడగొద్దు. ప్రిన్సిపాల్ ఒకసారి, మీరొకసారి, మీ ఆవిడ ఒకసారి అడిగితే మూడు కథలవుతాయి. బస్సులో కెమెరా ఉందా?

కాలర్: ఉందండి. డ్రైవర్ వెనకాల ఒకటి.

అడ్వకేట్: హార్డ్‌డిస్క్ నిండగానే పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కేస్తుంది. ఇవాళే ఆ ఫుటేజీ రికార్డయ్యే డీవీఆర్ విప్పి, బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. మీరు చూడొద్దు, ఫోన్లలోకి ఎక్కించొద్దు, పోలీసులు అడిగితే రసీదు తీసుకుని ఇవ్వండి. ఆ అటెండర్‌ని రేపు బస్సెక్కనివ్వొద్దు. అలాగని ‘నాలుగు రోజులు ఊరికి వెళ్లిరా’ అని పంపించారంటే పారిపోవడానికి సాయం చేసినట్టు. ఇంకోటి, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వివరణ పెడతాం అంటారు చూడండి, అది చెయ్యొద్దు. పాప ఎవరో తెలిసేలా ఒక్క అక్షరం బయటికి పోయినా అది వేరే నేరం.

యాంకర్: 2022లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక స్కూల్లో చిన్న పాప మీద జరిగిన అఘాయిత్యం గుర్తొస్తోంది మేడమ్.

అడ్వకేట్: అక్కడ నేరం చేసినవాడు ప్రిన్సిపాల్ డ్రైవర్. అతనికి ఇరవయ్యేళ్ల శిక్ష పడింది. స్కూలు గుర్తింపే రద్దు చేస్తామంది ప్రభుత్వం. మా పిల్లలు ఎక్కడికి పోవాలని తల్లిదండ్రులు మొత్తుకుంటే తర్వాత నడుపుకోనిచ్చారు. ఆ ఏడాది నవంబరులోనే సుప్రీంకోర్టు, చంద్రపూర్ జిల్లాలో ఒక స్కూలు హాస్టల్ కేసులో, తెలిసి కూడా పోలీసులకి చెప్పలేదని డాక్టర్ మీద పెట్టిన కేసు కొట్టెయ్యడానికి ఒప్పుకోలేదు. వైద్యం చేసిన డాక్టర్‌కే తప్పనప్పుడు ఫీజు తీసుకునే మనకి తప్పుతుందా? ఫోన్ పెట్టెయ్యండి సార్, స్టేషన్‌కి చెయ్యండి.

యాంకర్: తర్వాతి కాల్ కరీంనగర్ నుంచి. చెప్పండి అన్నా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబు ఆరో తరగతి అయిపోయింది. ఏడుకు గవర్నమెంట్ స్కూల్ల ఏద్దామనుకున్న. టీసీ అడిగితే పోయినేడు ఫీజు బాకీ కట్టేదాంక ఇయ్యమన్నరు. సగం కట్టిన. ఇగ మొన్న టీసీ ఇచ్చిన్రు గని, దాని మీద మా స్కూలు పేరే లేదు మేడమ్. జగిత్యాల జిల్లాల ఏదో స్కూలు పేరుంది. మావోడు ఆ ఊరు మొకం సుత చూడలె.

అడ్వకేట్: రెండు సంగతులున్నాయి అన్నా. మొదటిది చిన్నది. ఫీజు బాకీ ఉంటే వసూలు చేసుకోవడానికి వాళ్లకి కోర్టుంది. పిల్లాడి టీసీని తాకట్టు పెట్టుకోవడం కుదరదు. సర్కారు బడికి పోతానంటే టీసీ వెంటనే ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టంలో 5వ సెక్షన్ ఉంది. టీసీ రాలేదని ఆ సర్కారు బడి హెడ్‌మాస్టర్ చేర్చుకోకుండా ఉండటానికీ వీల్లేదు. రేపే తీసుకెళ్లి కూర్చోబెట్టండి. బాకీ మాత్రం బాకీయే, అది కట్టాల్సిందే.

కాలర్: కడ్త మేడమ్. పేరు సంగతి?

అడ్వకేట్: అదే అసలు సంగతి. మీవాడు చదివిన చోట ఆరో తరగతికి గుర్తింపు లేదన్నమాట. అయిదు దాకే పర్మిషన్ తెచ్చుకుని పైతరగతులు నడుపుతారు. లేకపోతే బోర్డొకటి, రికగ్నిషన్ ఇంకోటి. పిల్లల పేర్లు మాత్రం గుర్తింపున్న ఇంకో స్కూలు రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. టెన్త్ పరీక్ష కూడా అలాగే రాయిస్తారు. గుర్తింపు లేకుండా నడిపితే అదే చట్టం 18వ సెక్షన్ కింద లక్ష దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకి పదివేలు. అది వాళ్ల తలనొప్పి. మీ తలనొప్పి వేరు.

కాలర్: ఏంది మేడమ్?

అడ్వకేట్: మన రెండు రాష్ట్రాల్లో ఉద్యోగాల్లో లోకల్ వాళ్లకి ప్రాధాన్యం ఇచ్చే 371డి అధికరణం రాజ్యాంగంలో ఉంది కదా. రేపు ఉద్యోగానికి మీవాడు ఏ జిల్లా లోకల్ అని అడిగితే చూసేది ఏ బళ్లో చదివాడన్నదే. తెలంగాణలో ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివాడో చూస్తారు. అందులో ఒక ఏడాది జగిత్యాల అని పడింది. ఇవాళ ఇది చిన్న కాగితం. ఇరవై ఏళ్లప్పుడు అదే ఉద్యోగం దగ్గర అడ్డు పడొచ్చు.

కాలర్: అమ్మో.

అడ్వకేట్: కంగారు పడకండి. ఆ టీసీ చింపెయ్యొద్దు, అదే మీ సాక్ష్యం. ఫీజు రసీదులు, ప్రోగ్రెస్ కార్డు, డైరీ, ఏ స్కూలు పేరుంటే ఆ కాగితాలన్నీ జిరాక్స్ తీసి డీఈఓ, అంటే జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసులో అర్జీ ఇవ్వండి. రెండో కాపీ మీద ఇన్వర్డ్ ముద్ర వేయించుకోండి. ముద్ర లేకుండా ఇంటికి రావొద్దు. ఆన్‌లైన్‌లో, అంటే బడుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు యూడైస్‌లో బాబు పేరు ఏ స్కూల్లో ఉందో హెడ్‌మాస్టర్‌ని అడిగి అర్జీలో రాయండి. వినేవాళ్లకి కూడా చెప్తున్నా, అడ్మిషన్ అప్పుడు ఏసీ క్లాసురూము చూపిస్తారు. మీరు గుర్తింపు పత్రం చూపించమనండి. ఏ తరగతి దాకా, ఏ సంవత్సరం దాకా, ఏ అడ్రసుకి అని చదవండి.

యాంకర్: కోనసీమ నుంచి ఒక స్కూలు డైరెక్టర్. చెప్పండి.

కాలర్: మేడమ్‌గారూ, మాకు సొంత బస్సుల్లేవండి. కాంట్రాక్టు వ్యాన్లు పెట్టాం. ఏం జరిగినా మాకు సంబంధం లేదని వాళ్లచేత వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించుకున్నామండి. సరిపోద్దా?

అడ్వకేట్: (నవ్వు) ఆ స్టాంపు పేపరు మీకూ వ్యాన్ ఓనరుకీ మధ్య పనికొస్తుంది. అందులో పిల్లాడి తల్లి సంతకం లేదు కదండి. వ్యాన్ ఫీజు ఎవరు వసూలు చేస్తున్నారు?

కాలర్: మేమేనండి. టర్మ్ ఫీజులో కలిపి.

అడ్వకేట్: రసీదు మీది, బాధ్యత మీకెలా ఉండదు? 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసులో స్కూలు బస్సుల గురించి చెప్పినప్పుడే అద్దె బస్సులనీ కలిపింది. అద్దెదైతే ‘స్కూల్ డ్యూటీ’ మీద ఉందని బోర్డు, కిటికీలకి అడ్డ కడ్డీలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మంటలార్పే సిలిండర్, స్పీడ్ గవర్నర్, హెవీ వెహికల్ అయిదేళ్లు నడిపిన డ్రైవర్, పిల్లల్ని చూసుకునే మనిషి. మన దగ్గర స్కూలు బస్సులకి ఫిట్‌నెస్ ఏటా మే 15తో అయిపోతుంది. మళ్లీ చేయించారా?

కాలర్: చేయిస్తామన్నారండి.

అడ్వకేట్: అంటే చేయించలేదు. పైగా సొంత బోర్డు, తెల్ల నంబరు ప్లేటు వ్యానులైతే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. అప్పుడు నష్టపరిహారం మీ జేబులోంచే. ఇంకోటి చెప్తా వినండి. నేను ఎక్కడికెళ్లినా బస్సు వెనక అత్యవసర ద్వారం తీసి చూస్తా. చాలాచోట్ల అది తెరుచుకోదు. లోపల స్టెప్నీ టైరు ఉంటుంది, దానిమీద బ్యాగులు. ఫిట్‌నెస్ రోజున తీసేసి సాయంత్రానికి మళ్లీ పెట్టేస్తారు. రేపు పొద్దున మీరే వెళ్లి ఆ తలుపు తెరిచి చూడండి. డ్రైవర్‌ని చూడమని చెప్పడం కాదు.

యాంకర్: మాసాయిపేట ప్రమాదం తర్వాత కూడా...

అడ్వకేట్: 2014 జులై 24. కాపలా లేని రైల్వే గేటు దగ్గర పదిమందికి పైగా పిల్లలు పోయారు. బస్సు ఏ దారిన పోతుందో, ఆ దారిలో గేటుందో కాలువుందో యాజమాన్యం కూడా తెలుసుకోవాలి. కోనసీమలో కాలవ గట్లు మీకు నేను చెప్పక్కర్లేదు.

యాంకర్: వాట్సాప్‌లో ఒక టీచరమ్మ అడుగుతున్నారు. ‘తల్లిదండ్రులే రెండు తగిలించండి మేడమ్ అంటారు. అలా రాయించుకుంటే కొట్టొచ్చా?’

అడ్వకేట్: కొట్టకూడదమ్మా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షే కాదు, మానసిక వేధింపు కూడా వద్దంది. అమ్మానాన్నలు రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. పిల్లల సంరక్షణ చూసే సంస్థ ఉద్యోగి క్రూరంగా ప్రవర్తిస్తే జువనైల్ జస్టిస్ చట్టంలో అయిదేళ్ల దాకా కఠిన శిక్ష, అయిదు లక్షల దాకా జరిమానా. ఫీజు కట్టని పిల్లల పేర్లు అసెంబ్లీలో చదవడం, క్లాసు బయట నిలబెట్టడం కూడా వేధింపే. అది చెయ్యమన్నది కరస్పాండెంటే అయినా, నిలబెట్టింది మీరే కాబట్టి మొదటి పేరు మీదే ఉంటుంది.

యాంకర్: చివరి కాల్. అనంతపురం నుంచి.

కాలర్: నమస్తే మేడమ్. తొమ్మిదేళ్లు ఒకే స్కూల్లో లెక్కలు చెప్పినాను. ఏప్రిల్‌లో మానేసినాను. మానేసినప్పుడు రావాల్సిన గ్రాట్యుటీ డబ్బులు అడిగితే ‘టీచర్లకి యాడుంది’ అని నవ్వినారు.

అడ్వకేట్: ఉందమ్మా. 2009లో గ్రాట్యుటీ చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకీ వర్తింపజేశారు. ప్రైవేటు స్కూళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, 2022 ఆగస్టులో ఓడిపోయాయి. అయిదేళ్లు దాటితే ఇవ్వాల్సిందే. ఆఖరి జీతం ఎంత?

కాలర్: పన్నెండు వేలు.

అడ్వకేట్: పన్నెండు వేలని 15తో గుణించి 26తో భాగించండి. దాన్ని తొమ్మిదితో గుణించండి.

కాలర్: (కాస్త ఆగి) అరవై రెండు వేల మూడొందల ఏడు.

అడ్వకేట్: లెక్కల టీచరే! ముందు యాజమాన్యానికి రాతపూర్వకంగా రిజిస్టర్ పోస్టులో అడగండి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో దరఖాస్తు.

కాలర్: జీతం చేతికిస్తా ఉన్నారు మేడమ్. స్లిప్పుల్లేవు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు. నేను ఆడ పనిజేసినట్లు రుజువేముంది?

అడ్వకేట్: టెన్త్ పరీక్షలకి ఇన్విజిలేషన్‌కి వెళ్లారా? స్పాట్ వాల్యుయేషన్‌కి?

కాలర్: ప్రతి ఏడాదీ పోయినాను.

అడ్వకేట్: ఆ డ్యూటీ ఆర్డర్ల మీద మీ పేరు పక్కన స్కూలు పేరుంటుంది, డీఈఓ సంతకం ఉంటుంది. అంతకన్నా రుజువేం కావాలి? యూడైస్‌లో టీచర్ల జాబితాలో మీ పేరు, చేరిన తేదీ వాళ్లే ఎక్కించి ఉంటారు. గుర్తింపు కోసం మిమ్మల్ని చూపించుకోవాలి కదా. ఆ వివరాలు సమాచార హక్కు కింద డీఈఓ ఆఫీసులో అడగండి. ఆర్డర్లు దాచుకున్నారా?

కాలర్: రెండు మూడేండ్లవి ఉండాయి. తక్కినవి యాడ పెట్టినానో.

అడ్వకేట్: వెతకండి. దొరకనివాటికి ఆ అర్జీలోనే ఏ ఏడాది, ఏ సెంటర్ అని రాసి కాపీలు అడగండి.

యాంకర్: టైమ్ అయిపోయింది. లైన్లో ఉన్నవాళ్లు క్షమించాలి, మీ ప్రశ్నలు వాట్సాప్‌లో పంపండి, వచ్చే వారం తీసుకుంటాం. ధన్యవాదాలు మేడమ్.