ఊటీ: కట్టిన ఊరు, చూసే తీరు

అందరికీ నమస్కారం.

మన ఊళ్లలో నీలగిరి అంటే ముందు గుర్తొచ్చేది కొండ కాదు, చెట్టు. కొన్ని చోట్ల జామాయిల్ అంటారు. జలుబు చేస్తే వేడినీళ్లలో నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసుకుని, దుప్పటి కప్పుకుని ఆవిరి పడతాం. ఊటీలో బస్సు దిగగానే అదే వాసన ముక్కుకు తగిలితే, ఓహో, దీని పుట్టిల్లు ఇదన్నమాట అనుకుంటాం. పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఊటీ దానికి మెట్టినిల్లు. చలికి కాచుకోవడానికి, వంటకు కట్టెలు చాలక 1840ల్లో తెచ్చి నాటిన చెట్టది.

ఈ చెట్టు కథ తెలిస్తే ఊటీ సగం తెలిసినట్టే. మనం ఫొటోలు తీసుకునే ఊటీలో ముప్పాతిక మూడు వంతులు అలా తెచ్చిపెట్టినదే. టీ తెచ్చిందే, క్యారట్ తెచ్చిందే, చెరువు తవ్విందీ కాదు, కట్టింది. అంతకుముందు అక్కడ ఏముండేదో తెలుసుకుని వెళితే చూసే కన్నే మారుతుంది.

ఏముండేదంటే, గడ్డి. కొండల వీపుల మీదంతా గడ్డి, రెండు కొండలు కలిసే మడతల్లో మాత్రం పొట్టి చెట్ల చిక్కటి అడవి. ఆ అడవిని షోలా అంటారు. వానకు తడిసిన గడ్డి నేల నీళ్లను పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదిలేది, వేసవిలోనూ వాగులు పారేవి. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి ఈ గడ్డి కొండలదే. ఆ గడ్డిలో గేదెలు మేపుకుంటూ తోడాలనే గిరిజనులు ఉండేవారు, పక్కన సాగు చేసుకుంటూ బడగలు ఉండేవారు. తర్వాత గడ్డినేల మీద నీలగిరి, తుమ్మ జాతికి చెందిన వాటిల్ నాటడంతో ఆ నీటి లెక్క తప్పింది. పచ్చగా ఉన్నదంతా అడవి కాదని ఊటీలో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ 1819లో కొండెక్కాడు. ముందు కోటగిరి దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. 1822లో ఇంకా పైకొచ్చి, తోడాల మేతబీళ్ల నడుమ రాతి బంగళా మొదలుపెట్టాడు. ఆ స్టోన్ హౌస్ ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణలో ఉంది. తోడాల పల్లెను మండు అంటారు, ఊటకమండ్ పేరులో చివరిముక్క అదే. దాన్ని కుదించి మనం ఊటీ చేశాం, ప్రభుత్వం సాగదీసి ఉదగమండలం చేసింది. బంగాళాదుంప, క్యాబేజీ వంటి సీమ కూరగాయలు సాగు చేయించింది సలివనే. లోయలో దిగే వాగులకు కట్ట వేయించి, 1823–25 మధ్య చెరువు చేయించిందీ ఆయనే. అప్పటి చెరువు ఇప్పటిదానికన్నా చాలా పెద్దది. బస్టాండు, ఒకప్పటి గుర్రప్పందేల మైదానం ఉన్న చోటు పాత చెరువు నేలే. కాబట్టి కుండపోత వానప్పుడు అక్కడ నీళ్లు నిలిస్తే ఆశ్చర్యపోకండి, అవి వాటి ఇంటికి వచ్చాయంతే.

1870ల నుంచి ఎండాకాలం రాగానే మద్రాసు ప్రభుత్వం మొత్తం ఇక్కడికి కదిలేది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. అంటే గుంటూరు ఎండలో రాసుకున్న అర్జీ మీద ఊటీ చలిలో సంతకం పడేది. నైజాం జిల్లాలకు ఆ తిప్పలు లేవు, వాళ్ల తిప్పలు వేరే. దొరల కాలపు ఆనవాళ్లలో సెయింట్ స్టీఫెన్స్ చర్చి లోపలికి తప్పక వెళ్లండి. 1831లో తెరిచిన ఆ చర్చి దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను భవనం నుంచి మోయించి తెచ్చినవి.

ఇక కొండరైలు. మెట్టుపాళయం స్టేషను సముద్రమట్టానికి 326 మీటర్లు, ఊటీ స్టేషను 2,203 మీటర్లు. మధ్య దూరం 46 కిలోమీటర్లే. కల్లారు నుంచి కూనూరు దాకా అయితే పన్నెండు మీటర్లు నడిస్తే ఒక మీటరు పైకి పోవాలి. మామూలు రైలుకు వందకు ఒకటి అంటేనే గట్టి ఎక్కుడు, ఇంత వాలులో ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం జారిపోతుంది. అందుకని రెండు పట్టాల నడుమ రంపంలా పళ్లున్న కడ్డీలు రెండు పక్కపక్కనే బిగించారు. ఇంజను కిందున్న పళ్లచక్రాలు వాటిని పట్టుకుని ఎక్కుతాయి. ఒక కడ్డీకి పన్ను ఉన్నచోట రెండోదానికి సందు వస్తుంది. ఒక చక్రం పన్ను వదిలేలోపే రెండోది పట్టేస్తుంది, పట్టు ఎప్పుడూ తప్పదు. దీన్ని స్విట్జర్లాండ్ ఇంజనీరు పేరు మీద ఆబ్ట్ పద్ధతి అంటారు. ఆవిరి ఇంజనుకు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి, వాటిలోంచి వచ్చిన ఆవిరితోనే మిగతా రెండు పళ్లచక్రాలను తిప్పుతాయి.

ఇంజను పెట్టెలకు ముందు ఉండదు, కింది వైపు ఉండి తోస్తుంది. పైనుంచి లాగితే, కొక్కెం తెగిన రోజున పెట్టెలు లోయ దాకా దొర్లిపోతాయి. కింద ఉంటే దాని మీదే ఆనుకుంటాయి. ప్రతి పెట్టెకూ ఒక బ్రేకు మనిషి ఉంటాడు, ఇంజను కూతల లెక్క విని బ్రేకు వేస్తాడు, వదులుతాడు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో నడిచిన ఈ రైలుకు 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

మనవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. కారులో ఊటీ చేరి, అక్కణ్నుంచి కూనూరు దాకా రైలెక్కి, చూసేశాం అంటారు. ఆ ముక్కలో లాగేది డీజిల్ ఇంజను, పళ్ల పట్టా అసలు ఉండదు. అసలు రైలు చూడాలంటే మెట్టుపాళయంలో ఉదయం 7 గంటల ప్రాంతంలో ఎక్కాలి, పైకి దాదాపు 5 గంటలు. టికెట్లు రిజర్వేషను తెరిచిన రోజే చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకు కొండచరియలు విరిగి పట్టాల మీద పడతాయి, రోజుల తరబడి రైలు రద్దవుతుంది. ఆ నెలల్లో వెళితే బస్సు దారి కూడా మనసులో పెట్టుకోండి.

ఊరికి కొద్ది దూరంలో ముత్తోరై దగ్గర, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే రేడియో టెలిస్కోపు ఉంది. పర్యాటకుల జాబితాల్లో దీనికి చోటు తక్కువ, నా లెక్కలో బొటానికల్ గార్డెన్‌కన్నా ఇదే గొప్ప. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున కొండవాలు మీద పరిచిన లోహపు తొట్టిలా ఉంటుంది. ఆ వాలు సుమారు 11 డిగ్రీలు, ఊటీ అక్షాంశమూ అంతే. కనుక తొట్టి పొడవు భూమి తిరిగే ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది, ఒక్క ఇరుసు మీద తిప్పుతూ పోతే ఒకే నక్షత్రాన్ని గంటల తరబడి వెంబడించవచ్చు. ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ బృందం అలాంటి వాలు కోసం వెతికి మరీ ఈ కొండను ఎంచుకుంది. 1970 నుంచి పనిచేస్తోంది.

బొటానికల్ గార్డెన్ 1848 నాటిది. అందులో గాజు ఇళ్ల పూలకన్నా 2 కోట్ల ఏళ్ల నాటి రాయైపోయిన చెట్టుమాను దగ్గర ఆగండి. దొడ్డబెట్ట శిఖరానికి, 2,637 మీటర్లు, పొద్దున్నే వెళ్లాలి. పొద్దెక్కితే మంచు కమ్మి పక్కమనిషి కూడా కనబడడు.

రోడ్డు మీద వెళ్లేవారికి. హైదరాబాదు నుంచి బెంగళూరు, మైసూరు మీదుగా వస్తే బండీపూర్ అడవి గేటు రాత్రి 9కి మూస్తారు, ఉదయం 6కి తెరుస్తారు. లెక్క తప్పితే కారులోనే నిద్ర. మసినగుడి నుంచి కల్లహట్టి దారి దగ్గరే, కానీ 36 హెయిర్‌పిన్ మలుపులు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే లైనింగులు కాలి బ్రేకు పట్టదు, ఎక్కిన గేరులోనే దిగాలి. మనకు గూడలూరు దారే మేలు. 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టారు, బయల్దేరేముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ప్రభుత్వ బస్సుకు అక్కర్లేదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు చెక్‌పోస్టులో తీసేసుకుంటారు, స్టీలు సీసా పట్టుకెళ్లండి.

సొంతంగా వండుకునే వాళ్లు కుక్కరు మర్చిపోవద్దు. ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు ఎంత మరిగినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, పప్పుది తప్పు కాదు.

కొనేవాటిలో తోడా శాలువా మీద రెండు మాటలు. తెల్లటి నూలు గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలు. ముందు గీత గీసుకోరు, నేత పోగులు లెక్కపెట్టుకుంటూ వెనకవైపు నుంచి కుడతారు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో ముందు శాలువా తిరగేయండి. చేతిపని అయితే పోగుల లెక్క రెండు వైపులా తెలుస్తుంది, మిషను పనికి వెనకాల పాడు దారాల చిక్కు, అతికించిన కాగితం గుడ్డ ఉంటాయి.