ఫొటో తీసే చెయ్యి వీడియోకి వచ్చాక: షట్టర్ సంగతి

(స్క్రీన్ మీద: ట్యూబ్‌లైట్ కింద టీ కొట్టు. ఎడమ సగంలో 1/1000 షట్టర్‌తో తీసిన క్లిప్, కుడి సగంలో 1/50తో తీసింది.)

నమస్తే. ఈ రెండు క్లిప్పులూ ఒకే కెమెరాతో, ఒకే చోట నిలబడి తీసినవే. తేడా షట్టర్‌లోనే, అంటే కెమెరాలోకి వెలుతురు ఎంతసేపు పోతుందన్న దాంట్లోనే: ఎడమ పక్క సెకనులో వెయ్యో వంతు, కుడి పక్క యాభయ్యో వంతు. మాస్టర్ చాయ్‌ని పైనుంచి గ్లాసులోకి పోస్తున్నాడు. రెండింటినీ పాజ్ చేస్తున్నాను, చూడండి. ఎడమ పక్క ధారలో చుక్కలు విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. కుడి పక్క ధార అంతా మసక. ఫొటోలైతే ఎవరైనా ఎడమ దాన్నే ఎంచుకుంటారు.

ఇప్పుడు ప్లే చేస్తున్నాను. ఎడమ పక్క చెయ్యి ఆగి ఆగి, గతుకుల మీద బండి వెళ్ళినట్టు కదులుతోంది. కుడి పక్క మాత్రం మనం కళ్ళతో చూసినట్టే ఉంది.

నేను మీడియా స్టూడెంట్‌ని. స్టిల్ ఫొటోగ్రఫీ నేర్చుకున్నాక వీడియోలోకి వచ్చాను. ఆ దారిలో వచ్చేవాళ్ళకి అన్నిటికంటే ముందు అర్థం కావాల్సింది షట్టరే అని నా నమ్మకం. యూట్యూబ్‌లో కలర్ గ్రేడింగ్ (రంగులు దిద్దడం) పాఠాలకి కొదవ లేదు. దీని గురించి చెప్పేవాళ్ళే తక్కువ.

ఫొటోలో షట్టర్ పూర్తిగా మన ఇష్టం. బతుకమ్మ ఆడుతున్నవాళ్ళ కొంగులు తిరుగుతున్నట్టు కనబడాలంటే 1/8 పెడతాం. బ్యాట్‌కి తగిలిన బంతి గాల్లో ఆగిపోవాలంటే 1/2000. వీడియోలో ఈ స్వేచ్ఛ చాలావరకు పోతుంది. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

(స్క్రీన్ మీద: పరుగెడుతున్న గుర్రం ఫొటోల వరస.)

1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలను వరసగా పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి లేస్తాయని వాటితో రుజువైంది. అక్కడ ఒక్కో ఫొటో ఒక్కో సాక్ష్యం. అందుకే ప్రతిదీ స్పష్టంగా ఉండాల్సిందే.

వీడియో ఫ్రేమ్‌కి, అంటే వీడియోలో వరసగా వచ్చే ఒక్కో బొమ్మకి, అలా ఒంటరిగా నిలబడాల్సిన పని లేదు. అది పక్క ఫ్రేమ్‌లో కలిసిపోవాలి. ఆ కలిపే పని చేసేది మోషన్ బ్లర్, అంటే మనం ఫొటోలో తప్పు అనుకున్న అదే మసక.

ఎంత మసక కావాలి? ఫ్రేమ్ రేట్‌కి (సెకనుకి ఎన్ని ఫ్రేములో ఆ లెక్కకి) రెట్టింపు షట్టర్ పెట్టండి. 25 ఫ్రేములకి 1/50, 24 ఫ్రేములకి 1/48. ఈ లెక్క ఫిల్మ్ కెమెరాల నుంచి వచ్చింది. అందులో సగం వృత్తం ఆకారంలో ఉన్న రేకు తిరుగుతూ ఉంటుంది. ఫ్రేముకి ఉన్న టైంలో సగం సేపు వెలుతురు లోపలికి పోతుంది, మిగతా సగంలో ఫిల్మ్ ముందుకు జరుగుతుంది. అందుకే దీన్ని 180 డిగ్రీల షట్టర్ అంటారు.

(స్క్రీన్ మీద: మళ్ళీ ఎడమ క్లిప్, పెద్దదిగా.)

ఈ క్లిప్‌లో పైకి కిందికి పాకుతున్న నల్లటి చారలు చూశారా? కెమెరా పాడవలేదు. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు. ఇలాంటి ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. కంటికి తెలియదు కానీ సెన్సర్ పట్టేస్తుంది. 1/50 పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు వెలుగులు పడతాయి. 1/100 పెడితే ఒకటి. ఎప్పుడూ సమానమే కాబట్టి చారలు రావు. 1/60 పెడితే లెక్క తప్పుతుంది.

చాలా ఫోన్లు మామూలుగా 30 ఫ్రేములకే సెట్ అయి ఉంటాయి. అందువల్ల రెట్టింపు లెక్క పాటిస్తే 1/60 వస్తుంది. కరెంటు 60 సైకిళ్ళు ఉండే అమెరికా ట్యుటోరియల్‌ని ఇక్కడ ఉన్నదున్నట్టు పాటించకండి. ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) ఉంటే 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టుకోండి. 30 ఫ్రేములే కావాల్సి వచ్చినా 1/50 పెట్టొచ్చు, కదలికలో పెద్దగా తేడా తెలియదు.

ఇక మిట్టమధ్యాహ్నం ఎండ. ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, షట్టర్ 1/50 అయితే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 22 దాకా మూయాల్సి వస్తుంది. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. వెనకాల చెట్టూ, కరెంటు తీగలూ, హోర్డింగ్ అన్నీ ముఖంతో సమానంగా స్పష్టంగా వచ్చేస్తాయి. వెనకాలది మసకవ్వడానికి ఎఫ్ 2.8 కావాలంటే ఆరు స్టాపుల వెలుతురు తగ్గించాలి (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం అవుతుంది). షట్టర్‌ని ముట్టుకోకూడదు కాబట్టి లెన్స్ ముందు, వెలుతురుని 64వ వంతుకి తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టర్ బిగిస్తాం. ఫొటో తీసేటప్పుడు బ్యాగులో అడుగున పడి ఉండే ఈ నల్ల అద్దం, వీడియోలో మొదటి అవసరం.

(స్క్రీన్ మీద: ఒకే ఆకాశం. ఒకటి రా ఫొటో, ఇంకోటి 8 బిట్ వీడియో. రెండింటి వెలుతురునీ రంగునీ ఎడిట్‌లో బాగా సాగదీస్తాం.)

ఇంకో పెద్ద తేడా ఫైల్‌లో ఉంది. రా అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్. 14 బిట్ రా ఫొటోలో ఒక్కో రంగుకి 16,384 మెట్లు ఉంటాయి. 8 బిట్ వీడియోలో 256 మాత్రమే. లాగితే ఆకాశంలో ఇలా పట్టీలు పడతాయి. 'రాలో తీశాం కదా, ఎడిట్‌లో చూసుకుందాం' అనే ధీమా ఇక్కడ చెల్లదు.

లాలా దీన్ దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. గాజు పలకల మీద తీసేవాడు. వెనకాల స్క్రీన్ లేదు, వెలుతురు చాలిందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవాలి. మామూలు వీడియో ఫైల్‌తో పని చేస్తుంటే ఆయన పద్ధతికి మనం రా ఫొటో తీసేవాళ్ళకంటే దగ్గరగా ఉన్నామనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుని బట్టి తెలుపు తెల్లగా వచ్చేలా చూసే సెట్టింగ్) కూడా ఆటోలో వదలకండి. నీడలో మొదలుపెట్టి ఎండలోకి నడిస్తే షాట్ మధ్యలో ముఖం రంగు మారిపోతుంది.

ఎడిటింగ్‌కి నేను వాడేది డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్. అల్ట్రా హెచ్‌డీ వరకు ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది, స్టూడెంట్‌కి అది చాలు. క్లిప్పులు వేసేముందే ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ 25కి మార్చుకోండి. వేశాక మార్చనివ్వదు. సిస్టమ్ నత్తనడక నడిస్తే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం అవే క్లిప్పులకి తేలికైన కాపీలు, చేసుకోండి. సెకనుకి 100 మెగాబిట్ల 4కే ఫుటేజ్ అంటే నిమిషానికి 750 ఎంబీ. పాత లాప్‌టాప్ దాన్ని నేరుగా మోయలేదు.

(స్క్రీన్ మీద: టైమ్‌లైన్. పేపర్ వేసే కుర్రాడి షాట్, తర్వాత గేటు షాట్.)

కట్ దగ్గర ఫొటోగ్రాఫర్‌కి ఒక బలహీనత ఉంటుంది. ఫ్రేము అందంగా కుదిరితే దాన్ని వదలబుద్ధి కాదు, ఆరేడు సెకన్లు అలాగే ఉంచేస్తాం. ఇక్కడ కుర్రాడు పేపర్ విసరడానికి చెయ్యి వెనక్కి తీశాడు. చెయ్యి ముందుకు వస్తుండగానే, కదలిక మధ్యలో కట్ చేస్తున్నాను. తర్వాతి షాట్‌లో పేపర్ గేటు మీదుగా వచ్చి పడుతోంది. చూసేవాళ్ళ కన్ను ఆ కదలిక వెంట పోతుంది కాబట్టి కట్ కనబడదు.

ఇప్పుడు గేటు షాట్ ఆడియోని మాత్రం అర సెకను ముందుకు లాగుతున్నాను. బొమ్మ ఇంకా కుర్రాడి మీదే ఉంది, ఆ ఇంటి కుక్క మొరుగుడు అప్పుడే వినబడుతోంది. దీన్ని జె కట్ అంటారు. మీ క్లిప్పుల్లో ఏ రెండైనా తీసుకుని, సౌండ్ ముందుకు లాగి ఒకసారి, లాగకుండా ఒకసారి ప్లే చేసి చూడండి.