జేమీటర్‌లో టైమ్‌అవుట్: ఖాళీగా వదలకండి, ఊరికే పెంచకండి

నమస్కారం. జేమీటర్ అనే పరికరంతో లోడ్ టెస్ట్ నడిపారు, అంటే వందల మంది వాడుకరులు ఒకేసారి వచ్చినట్టు నటించి సైటును పరీక్షించారు. నివేదిక నిండా ఎర్రగా, వరుసగా 'రీడ్ టైమ్డ్ అవుట్' అని పడింది. ఆ వెంటనే చాలామంది చేసే పని ఒకటుంది. టైమ్‌అవుట్, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే గడువు, 5,000 మిల్లీసెకన్లు ఉంటే దాన్ని 60,000 చేసి మళ్లీ నడుపుతారు. ఎరుపు పోతుంది, పచ్చగా కనిపిస్తుంది, అందరూ ఇంటికి వెళ్లిపోతారు. సర్వర్ మాత్రం ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది. ఈ అలవాటు మీద నాకు చాలా కోపం. అందుకే ఈ వీడియో అంతా ఆ ఒక్క సెట్టింగ్ గురించే.

నేను నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను కాబట్టి ఉదాహరణ కూడా ఇక్కడిదే తీసుకున్నాను. బత్తాయి ధరలు చూపించే చిన్న సైటు ఒకటి ఈ పాఠం కోసం రాసిపెట్టాను. రైతు పొద్దున్నే ఫోను తెరిచి హైదరాబాద్‌లో, దిల్లీలో టన్ను ఎంత పలుకుతోందో చూసుకోవాలి. తోట దగ్గర లారీ నిలబడి ఉంటుంది, వ్యాపారి ఎదురుగా బేరమాడుతూ ఉంటాడు. ఆ సమయంలో పేజీ తిరుగుతూ కూర్చుంటే రైతు ఎన్ని సెకన్లు ఆగుతాడు? ఐదు అనుకుందాం. ఇది నేను ఎంచుకున్న అంకె. మీ సైటుకు ఎంత ఉండాలో దాన్ని నడిపేవాళ్లతో కూర్చుని మీరే తేల్చుకోవాలి. జేమీటర్ తెరవకముందే తేలాల్సిన సంగతి ఇది. టైమ్‌అవుట్ అంటే వాడుకరి ఓపికకు మీరు పెట్టే అంకె. దాన్ని సాంకేతిక వివరంగా చూసి ఎవరికి తోచినట్టు వాళ్లు నింపడం వల్లే గొడవంతా వస్తోంది.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. లోడ్ టెస్ట్ మీ సొంత సైటు మీదే చేయండి, లేదా సైటు యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చేయండి. పరీక్ష ఫలితాల సైటు ఎంత బరువు మోస్తుందో చూద్దామని సరదాగా వెయ్యి థ్రెడ్లు (ఒక్కో థ్రెడ్ ఒక నకిలీ వాడుకరి) వదిలితే, అసలు వాడుకరులకు దారి మూసేసినట్టే. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ఇలాంటి పనినే తప్పుగా చెబుతుంది.

ఇప్పుడు తెర మీద చూడండి. జేమీటర్‌లో హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ తెరిచి 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లోకి వెళితే టైమ్‌అవుట్స్ అని రెండు పెట్టెలు ఉంటాయి. ఒకటి కనెక్ట్, రెండోది రెస్పాన్స్. రెండూ మిల్లీసెకన్లలోనే నింపాలి. 5 అని కొట్టి ఐదు సెకన్లు అనుకుంటే ప్రతి అభ్యర్థనా పుట్టగానే పోతుంది. ప్రతి రిక్వెస్ట్‌లో విడివిడిగా నింపకుండా, హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ డిఫాల్ట్స్ అనే ఎలిమెంట్ పెట్టి అక్కడ ఒక్కసారి నింపండి.

ఈ రెండింటికీ తేడా ఏమిటి? మార్కెట్ యార్డుకు వచ్చిన లారీని తీసుకోండి. గేటు దగ్గరే ఆగిపోవడం వేరు, లోపలికి వెళ్లాక కాంటా దగ్గర ఆగిపోవడం వేరు. మొదటిది కనెక్ట్, రెండోది రెస్పాన్స్. రెండు చోట్లా లారీ ఆలస్యమవుతుంది, కానీ సరిచేయాల్సిన చోటు ఒకటి కాదు.

ముందు కనెక్ట్ సంగతి. ఈ పెట్టె ఖాళీగా వదిలితే నిర్ణయం ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలోకి పోతుంది. లినక్స్‌లో, 6.5కు ముందు కెర్నల్ అయితే, సర్వర్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్‌ను ఆరుసార్లు మళ్లీ పంపి, ఇంచుమించు 127 సెకన్ల తర్వాత గానీ చేతులెత్తేయదు. అంటే ఒక్కో థ్రెడ్ రెండు నిమిషాలకు పైగా ఏ పనీ చేయకుండా కూర్చుంటుంది. మీరు 200 మంది వాడుకరులను వదిలాననుకుంటారు. నిజంగా పని చేస్తున్నవాళ్లు ముప్పై మందే కావచ్చు.

నేను ఇక్కడ 4,000 పెడుతున్నాను. గుండ్రంగా 3,000 ఎందుకు పెట్టలేదంటే దానికి కారణం ఉంది. ఇందాక చెప్పిన ఆ పాత కెర్నల్స్‌లో మొదటి సిన్ ప్యాకెట్ పోతే లినక్స్ ఒక సెకను ఆగి రెండోది పంపుతుంది. అదీ పోతే మరో రెండు సెకన్లు ఆగుతుంది. అంటే మూడో ప్రయత్నం సరిగ్గా మూడో సెకను దగ్గర జరుగుతుంది. ఫలితాలను సీఎస్‌వీ ఫైలులో దాచుకుని కనెక్ట్ టైమ్ కాలమ్ చూడండి. అంకెలు 1,000కి కాస్త పైన ఒక గుంపుగా, 3,000కి కాస్త పైన ఇంకో గుంపుగా కనిపిస్తే, సర్వర్ దగ్గర కొత్త కనెక్షన్ల వరుస నిండి ప్యాకెట్లు రాలిపోతున్నాయేమోనని మొదట అనుమానించాలి. మూడు సెకన్లకే కోసేస్తే ఆ రెండో గుంపు మీ కంటపడదు. నాలుగు పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. చందంపేట వైపో, అమ్రాబాద్ అడవి వైపో వెళ్లి ఫోను తీసి చూడండి. సిగ్నల్ ఉన్నట్టే ఉంటుంది, కనెక్షన్ కలవడానికే తంటాలు. హైదరాబాద్‌లో సర్వర్ పక్కన కూర్చుని చేసే టెస్టులో ఈ బాధ కనిపించదు కాబట్టి, టైమ్‌అవుట్ పెట్టేటప్పుడైనా దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక రెస్పాన్స్. ఇక్కడ 5,000 అని నింపుతున్నాను. రైతు ఓపిక ఐదు సెకన్లు అనుకున్నాం కదా. కానీ ఈ పెట్టె చాలామంది అనుకునే పని చేయదు. మొత్తం జవాబు ఐదు సెకన్లలో రావాలని దీని అర్థం కాదు. సాకెట్ (సర్వర్‌తో కలిసిన కనెక్షన్‌లో మన వైపు కొస) నుంచి చదివే ఒక్కో నిరీక్షణకు ఐదు సెకన్లు, అంతే. సర్వర్ జవాబును ముక్కలుగా పంపితే ప్రతి ముక్క తర్వాత గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

చూపిస్తాను. నా సైటులో నెల ధరల పట్టిక అని ఒక పేజీ ఉంది. కావాలనే దాన్ని నాలుగు సెకన్లకు ఒక ముక్క చొప్పున పది ముక్కలుగా పంపేలా రాశాను. నడుపుతున్నాను. నలభై సెకన్లు పట్టింది. టైమ్‌అవుట్ ఐదు సెకన్లే, అయినా ఫలితం పచ్చగానే ఉంది! దీన్ని పట్టుకోవాలంటే డ్యూరేషన్ అసర్షన్ జతచేయాలి. అందులోనూ 5,000 పెట్టండి. అది అభ్యర్థనను మధ్యలో కోయదు. పూర్తయ్యాక కొలిచి, ఎక్కువ పడితే ఎర్ర ముద్ర వేస్తుంది. నా లెక్కలో ఈ రెండూ కలిసే ఉండాలి, ఒకటి లేకుండా రెండోది పెట్టడం సగం పని.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం. సైటు స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది, ముందు ఎన్‌జినెక్స్ (అభ్యర్థనలను అందుకుని వెనక్కి పంపే ప్రాక్సీ), వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. డేటాబేస్ కనెక్షన్ల పూల్, అంటే ముందే తెరిచి పెట్టి వంతులవారీగా వాడుకునే కనెక్షన్ల గుంపు, హికారీ. దాని డిఫాల్ట్ పరిమాణం పది, నేను మార్చలేదు. ధర తెచ్చే క్వెరీలో కావాలనే అర సెకను నిద్ర పెట్టాను. లెక్క వేయండి. పది కనెక్షన్లు, ఒక్కో పనికి అర సెకను, కాబట్టి సెకనుకు ఇరవై జవాబులు. అంతకు మించి ఈ సైటు ఏం చేసినా ఇవ్వలేదు.

వంద మంది వాడుకరులను, మధ్యలో విరామం లేకుండా వదిలితే ఒక్కొక్కరికి దాదాపు ఐదు సెకన్లు పడుతుంది. రెండు వందల మందిని వదిలితే పది సెకన్లు. టైమ్‌అవుట్ 60,000 ఉన్నవాళ్లకు ఇక్కడ అంతా పచ్చగా కనిపిస్తుంది, 'కాస్త నెమ్మదిగా ఉంది' అని రాసి సంతకం పెడతారు. టైమ్‌అవుట్ 5,000 పెట్టి అదే రెండు వందల మందిని వదులుతున్నాను, గ్రాఫ్ చూడండి. మొదటి ఐదు సెకన్లలో వంద జవాబులు వచ్చాయి. ఆ తర్వాత దాదాపు అన్నీ ఎరుపే. సగం ఎరుపు, సగం పచ్చ రావాలి కదా అనిపిస్తుంది. ఎందుకు రాలేదు?

జేమీటర్ ఐదో సెకను దగ్గర తన వైపు కనెక్షన్ తెంచుకుంది. ఎన్‌జినెక్స్ కూడా వెనక సర్వర్‌తో కనెక్షన్ మూసేసింది. కానీ హికారీ వరుసలో నిలబడిన పనికి ఆ కబురు అందదు. దాని వంతు వస్తుంది, క్వెరీ నడుస్తుంది, జవాబు రాయబోయేటప్పుడు గానీ అవతల ఎవరూ లేరని తెలియదు. ఈలోపు అదే వాడుకరి మళ్లీ అడిగాడు. రైతు కూడా అదే చేస్తాడు, పేజీ రాకపోతే వేలితో కిందికి లాగుతాడు. వరుసలో పాత పనులు ముందు, కొత్త పనులు వెనక. డేటాబేస్ సెకనుకు ఇరవై చొప్పున ఒళ్లు వంచి పని చేస్తూనే ఉంది, ఆ ఇరవైలో దాదాపు అన్నీ వెళ్లిపోయినవాళ్ల కోసమే. సర్వర్ గణాంకాలు మాత్రమే చూసేవాళ్లకు అంతా భేషుగ్గా నడుస్తున్నట్టు ఉంటుంది.

నిజమైన రద్దీలో సైట్లు కుప్పకూలే తీరుల్లో ఇదొకటి. టైమ్‌అవుట్ ఖాళీగా ఉన్నా, అరవై సెకన్లు ఉన్నా ఇది మీ టెస్టులో ఎప్పటికీ బయటపడదు. దీనికి మందు జేమీటర్‌లో లేదు. హికారీ కనెక్షన్ టైమ్‌అవుట్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు. బయట రైతు ఐదు సెకన్లకే వెళ్లిపోతుంటే, లోపల పని ముప్పై సెకన్లు వరుసలో నిలబడటంలో అర్థం లేదు. దాన్ని 2,000కి దించుతున్నాను. ఇప్పుడు మళ్లీ నడిపితే, వంతు రాని పనులు రెండు సెకన్లకే తప్పుకుంటున్నాయి. లోపాలు ఇంకా ఉన్నాయి, కానీ పచ్చ జవాబులు తిరిగి వస్తున్నాయి, అవీ ఐదు సెకన్లలోపే. లోపలి గడువు ఎప్పుడూ బయటి గడువు కంటే చిన్నదిగా ఉండాలి. డేటాబేస్ నుంచి మొదలుపెట్టి బయటికి వచ్చేకొద్దీ అంకె పెరుగుతూ పోవాలి.

దీనికి సంబంధించిందే ఇంకో చిక్కు. ఎన్‌జినెక్స్ ప్రాక్సీ రీడ్ టైమ్‌అవుట్ డిఫాల్ట్ 60 సెకన్లు. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ (అభ్యర్థనలను సర్వర్లకు పంచేది) ఐడిల్ టైమ్‌అవుట్ డిఫాల్ట్ కూడా 60 సెకన్లే. జేమీటర్ బదులు కే6 వాడేవాళ్లకు దాని డిఫాల్ట్ కూడా 60 సెకన్లే! అన్నీ ఒకే క్షణంలో కత్తి దూస్తే కోసింది ఎవరో ఎలా తెలుస్తుంది? ఒకసారి 504 (వెనక సర్వర్ నుంచి జవాబు రాక ప్రాక్సీ ఇచ్చే లోపం) వస్తుంది, ఇంకోసారి టెస్ట్ పరికరం సొంత లోపం వస్తుంది, రెండూ వేర్వేరు జబ్బులని మీటింగులో వాదులాట మొదలవుతుంది. అందుకే నేను ఒకే టెస్టును రెండు రకాలుగా నడుపుతాను. ఒకటి వాడుకరి ఓపికతో, అంటే ఇక్కడ 5,000. రెండోది 65,000తో, ఇది కేవలం వ్యాధి నిర్ధారణకు. ప్రాక్సీ కంటే ఐదు సెకన్లు ఎక్కువ ఆగితే, కోసింది ప్రాక్సీ అయితే 504 మీ చేతికి వస్తుంది. రెండో దాని అంకెలను నివేదికలో పెట్టకండి.

నివేదిక చదివేటప్పుడు ఒక్కటి గమనించండి. 95, 99 పర్సెంటైల్స్ (నూటికి 95, 99 అభ్యర్థనలు ఎంత సమయంలోపు ముగిశాయో చెప్పే అంకెలు) రెండూ 5,000కి అటూఇటుగా అతుక్కుని ఉంటే అది సర్వర్ వేగం కాదు, మీరు కట్టిన పైకప్పు. అసలు జవాబు ఆరు సెకన్లలో వచ్చేదో అరవైలో వచ్చేదో ఆ అంకె చెప్పదు. లోపాలను పక్కనపెట్టి సగటు చూపించే డాష్‌బోర్డులైతే మరీ ప్రమాదం, నెమ్మదైన అభ్యర్థనలు ఎన్ని చచ్చిపోతే సగటు అంత అందంగా కనిపిస్తుంది.

చివరిగా, టెస్ట్ ముగిశాక ఎన్‌జినెక్స్ యాక్సెస్ లాగ్ తెరవండి. వాడుకరి ముందే వెళ్లిపోయిన ప్రతి అభ్యర్థనకు అక్కడ 499 అని పడుతుంది. ఆ 499లను లెక్కపెట్టి, జేమీటర్‌లోని రీడ్ టైమ్‌అవుట్‌ల లెక్క పక్కన పెట్టండి. రెండూ ఇంచుమించు సరిపోతే తెగినవన్నీ ఎన్‌జినెక్స్ దాకా వచ్చినవే, కాబట్టి వెతకాల్సింది వెనక, అప్లికేషన్‌లోనో డేటాబేస్‌లోనో. జేమీటర్ లెక్క బాగా ఎక్కువగా ఉంటే ఆ మిగిలినవి మధ్యలోనే ఎక్కడో చిక్కుకున్నాయి. అప్పుడు అప్లికేషన్ కోడ్ జోలికి పోకుండా, ముందు నెట్‌వర్క్‌ను, జేమీటర్ నడుస్తున్న యంత్రాన్ని చూడండి.