జనరల్ నే విన్ తరిమినవాళ్లు: కంచరపాలెం, బాలాపూర్

అందరికీ నమస్కారం.

బాలాపూర్ అంటే హైదరాబాద్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వినాయకుడి లడ్డూ. 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. నిమజ్జనం రోజు పొద్దున్నే టీవీ కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి. అక్కడికి కాస్త దూరంలో, షాహీన్‌నగర్ వైపు, వెదురు గుంజలు పాతి టార్పాలిన్లు కప్పిన గుడిసెల్లో, ఇప్పుడు మయన్మార్ అంటున్న బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా ముస్లింలు ఉంటున్నారు. ఎక్కువమంది అక్కడి 2012 అల్లర్ల తర్వాత వచ్చినవాళ్లు. అటువైపు కెమెరాలు ఎప్పుడో గానీ వెళ్లవు, వెళ్లినా పోలీసుల వెంటే వెళ్తాయి. నన్ను వాళ్ల గురించి మాట్లాడమన్నారు. అయితే ముందు మనవాళ్ల సంగతి చెప్తాను. రెండూ ఒకే దేశంలో మొదలైన కథలు.

మాది శ్రీకాకుళం వైపు. పెద్దవాళ్లెవరో రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లారని చెప్పుకోని పాత కుటుంబం మా దగ్గర తక్కువ. రంగూన్ రేవులో మూటలు మోసిందీ, వీధుల్లో రిక్షాలు లాగిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ చాలావరకు మనవాళ్లే. అక్కడ వాళ్లని కొరంగీలు అనేవారు, ప్రేమతో కాదు. 1930 మేలో రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీలకీ, వాళ్ల బదులు పనిలో పెట్టుకున్న బర్మా కూలీలకీ మధ్య గొడవ రేగి ఊరంతా పాకింది. చచ్చిపోయినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ.

1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. ఆ తర్వాతి నెలల్లో లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. డబ్బున్నవాళ్లు ఓడలెక్కారు, లేనివాళ్లు నడిచారు. ఒక దారి ఉత్తరాన తామూ మీదుగా మణిపూర్‌కి. ఇంకో దారి టౌంగప్ కనుమ దాటి, అరకాన్‌లో అక్యాబ్ రేవు చేరి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కి. కలరాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ అరకాన్‌నే ఇప్పుడు రఖైన్ రాష్ట్రం అంటున్నారు. అక్యాబ్ ఇప్పుడు సిత్వే. రోహింగ్యాల సొంత గడ్డ అదే. మన తాతలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటిన నేల మీద నుంచే తర్వాత వీళ్లనీ తరిమారు.

యుద్ధం అయ్యాక వెనక్కి వెళ్లినవాళ్లూ ఉన్నారు, అసలు కదలనివాళ్లూ ఉన్నారు. 1962లో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాడు. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేశాడు. నోట్ల రద్దు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అటుపైన కొన్నేళ్లలో మూడు లక్షల వరకు భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. రేవులో ఒంటి మీది బంగారం కూడా ఊడదీసుకున్నారు. విశాఖలో దిగినవాళ్లలో చాలామంది కంచరపాలెం వైపు చేరారు. ఆ పేట పేరు ఇప్పటికీ బర్మా క్యాంపే.

ఇక్కడ మీరు గమనించాల్సిన విషయం ఒకటుంది. వాళ్లు దిగేసరికి ప్రభుత్వం వాళ్లని ఎవరని అడగలేదు. చేతిలో మనదేశపు కాగితం ఉంది, లేనివాళ్లకి పుట్టించి ఇచ్చారు. వ్యాపారానికి అప్పులిచ్చారు, కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు ఇచ్చారు. 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి వచ్చిన నిజమైన కాందిశీకులకు మూడేళ్ల సడలింపు అన్న వాక్యం నోటిఫికేషన్లలో దశాబ్దాలపాటు నడిచింది. అశోక్‌నగర్ కోచింగ్ కుర్రాళ్లు ఎవరైనా ఉంటే సివిల్స్ నోటిఫికేషన్‌లో పౌరసత్వం పేరా తీసి చదవండి. ఐఏఎస్, ఐపీఎస్‌లకు భారత పౌరులే కావాలి. మిగతా సర్వీసుల దగ్గరికొచ్చేసరికి, పాకిస్తాన్, బర్మా, శ్రీలంక, కొన్ని ఆఫ్రికా దేశాల నుంచి స్థిరపడడానికి వచ్చిన భారత సంతతివాళ్ల పేరు ఉంటుంది. 1962 జనవరి 1కి ముందు వచ్చిన టిబెట్ శరణార్థుల పేరూ ఉంటుంది. రోజూ చూస్తూ దాటేసే ఆ నాలుగు లైన్లలో మన శరణార్థి విధానం చాలావరకు ఉంది.

ఇప్పుడు రోహింగ్యాలు. వీళ్ల కథ కాగితం రావడం కాదు, ఉన్నది పోవడం. బర్మాకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వీళ్లకీ అందరిలాగే రిజిస్ట్రేషన్ కార్డులు ఉండేవి. పార్లమెంటులో వీళ్ల సభ్యులు కూర్చునేవారు. 1960ల మొదట్లో రంగూన్ రేడియోలో రోహింగ్యా భాషలో కార్యక్రమాలు వచ్చేవి. నే విన్ వచ్చాక రేడియో ఆగింది. 1978లో ‘నాగమిన్’ అని పేరు పెట్టి సైన్యం ఊళ్ల మీద పడితే రెండు లక్షలమంది నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ పోయారు. 1982లో ఆయనే పౌరసత్వ చట్టం తెచ్చాడు. 1823కి ముందు నుంచీ ఉన్న జాతులకే పుట్టుకతో పౌరసత్వం అన్నారు. ప్రభుత్వం 135 జాతులను గుర్తించింది, ఆ జాబితాలో రోహింగ్యా లేదు. పాత కార్డులు తీసుకున్నారు, కొత్తవి ఇవ్వలేదు. 1990లలో తెల్లకార్డు ఒకటి చేతిలో పెట్టి, ఇది పౌరసత్వానికి రుజువు కాదు అన్నారు. దాంతోనే 2010లో ఓటు మాత్రం వేయించుకున్నారు. 2015లో తెల్లకార్డూ పోయింది, ఓటూ పోయింది. 2017 ఆగస్టు 25న అర్సా అనే రోహింగ్యా సాయుధ ముఠా పోలీసు పోస్టుల మీద దాడి చేసింది. దానికి బదులుగా సైన్యం ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. నెలల్లో ఏడు లక్షలమందికి పైగా సరిహద్దు దాటారు. ముప్పై అయిదేళ్లపాటు కాగితాలు పీకేసిన తర్వాతే ఇళ్లు కాల్చారన్నది మర్చిపోవద్దు.

ఆ ఏడాదే మన హోంశాఖ పార్లమెంటులో దేశంలో రోహింగ్యాలు 40,000 మంది ఉంటారని ఒక అంచనా చెప్పింది, గుర్తించి పంపించమని రాష్ట్రాలకు రాసింది. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఒక్కటే వాళ్ల ఆధారం. 1951 శరణార్థి ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కార్డుకి మన చట్టంలో చోటు లేదు.

బాలాపూర్‌లో ఒకావిడ ఆ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుమ్మం పక్క గుంజకు మేకు కొట్టి తగిలించుకుంది. పెట్టెలో దాచుకోవచ్చు కదా అన్నాను. మంటలొస్తే పెట్టె వెతుక్కునే టైం ఉంటుందా మేడం అంది. ఢిల్లీలో వీళ్ల బస్తీలు 2018లో ఒకసారి, 2021లో ఇంకోసారి కాలిపోయాయి. ఆవిడ బయట కూర్చుని చెత్త ఏరుతోంది. అట్టలు ఒక గుట్ట, పాల కవర్లు ఒక గుట్ట, సీసాలు ఇంకో గుట్ట. కరెంటు వైరు మీది తొడుగు పళ్లతో లాగేసి రాగి తీగ విడిగా చుట్టి పెడుతోంది. తలమీద కప్పు ఏదో పార్టీ ఫ్లెక్సీ. నాయకుడి మొహం లోపలివైపుకి వచ్చింది, పడుకుంటే ఆయనే కనపడతాడు. పిల్లలు ఇంట్లో రోహింగ్యా మాట్లాడతారు, వీధిలో ‘నక్కో’, ‘హౌ’ అంటూ పక్కా హైదరాబాదీ. కిరాణా కొట్టులో ‘అన్నా, ఎంత?’ అని తెలుగులో అడుగుతారు.

ఇలాంటివి చెప్పగానే సభల్లో ఎవరో ఒకరు ఎంత గట్టి మనుషులండీ, ఎన్ని దెబ్బలు తిన్నా నిలబడ్డారు అంటారు. నాకు ఆ మెచ్చుకోలు రుచించదు. ఆవిడ పళ్లతో వైరు లాగడం ఓర్పు కాదు, గతిలేక. ఆధార్ లేదు గనక బ్యాంకు ఖాతా లేదు, తన పేరు మీద సిమ్ లేదు, రాసుకున్న అద్దె కాగితం లేదు. మేస్త్రీ కూలి ఎగ్గొడితే అడిగే నోరు లేదు. కంచరపాలెంలో దిగినవాళ్లు ఒక తరంలో కుదురుకున్నారు. వీళ్లకంటే వాళ్లకి ఓర్పు ఎక్కువని ఎవరైనా అంటారా?

దీనికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. బర్మా తెలుగువాళ్లు మనవాళ్లు, వాళ్ల బాధ్యత మనది, వీళ్లు పరాయివాళ్లు అంటారు. సరే. మరి టిబెటన్లు? 1960ల మొదట్లో అప్పటి మైసూరు రాష్ట్రం బైలకుప్పెలో వాళ్లకు వేల ఎకరాలు ఇచ్చింది. వాళ్లెవరూ భారత సంతతి కారు. మన చట్టంలో శరణార్థి అన్న పదం లేకపోయినా, చెయ్యాలనుకున్నప్పుడు ప్రభుత్వం చేసింది. మన నగరం సంగతే చూడండి. బాలాపూర్ పక్కనే బార్కస్ ఉంది, నిజాం కొలువుకొచ్చిన యెమెన్ అరబ్బు సిపాయిల పేట.

భద్రత సంగతేమిటని అడుగుతారు. నేరం చేసినవాణ్ణి పట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఒక బస్తీ మొత్తాన్ని అనుమానితుల జాబితాలో పెట్టడం వేరు. వెనక్కి పంపడం అంటారా, ఎక్కడికి? 2024లో అక్కడి సైనిక ప్రభుత్వం పౌరులు కాదన్న రోహింగ్యా కుర్రాళ్లనే బలవంతంగా సైన్యంలో చేర్చింది. ఆ డిసెంబరులో రఖైన్‌లోని మాంగ్డా పట్టణం, సైన్యంతో పోరాడుతున్న సాయుధ దళం అరకాన్ ఆర్మీ చేతికి పోయింది. 1996లో, ఒకప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, ప్రాణ రక్షణ హక్కు పౌరుడు కానివాడికీ ఉందని చెప్పింది. 2021లో అదే కోర్టు జమ్మూలో పట్టుకున్న రోహింగ్యాలను పద్ధతి ప్రకారం పంపొచ్చు అంది. ఈ రెండు మాటల మధ్య బాలాపూర్ బతుకుతోంది.

పెద్ద విధానం ఢిల్లీలో తేలాలి. బడి మాత్రం ఇక్కడే తేలుతుంది. వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లనీ తిప్పి పంపకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెప్తుంది. ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ముందు సర్కారు బడికి వెళ్లండి, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లండి అంది. అయినా ఆధార్ తెచ్చుకోండన్న మాట ఈ జూన్‌లో కూడా ఒక బడి గుమ్మంలో నా ముందే విన్నాను. హెడ్మాస్టర్లు, ఎంఈఓ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఈ హాల్లో ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి, చేరాల్సిన పిల్లల పేర్లు నా దగ్గర ఉన్నాయి. ఇక ప్రశ్నలు అడగండి.