రిపోర్టులన్నీ బాగున్నా కడుపునొప్పి నిజమే

సభకు నమస్కారం.

"రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్నాయమ్మా, మీకేమీ లేదు, ఊరికే టెన్షన్ పడుతున్నారు" అన్న మాట విని, నొప్పితోనే ఇంటికి తిరిగి వెళ్లినవారు ఈ హాల్లో కొందరైనా ఉంటారు. ఈ సాయంత్రం నేను మాట్లాడేది వారి కోసమే.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గానికి మెట్రోలో ఉద్యోగానికి వెళ్లే ఒకావిడ నా దగ్గరకు వైద్యానికి వచ్చారు. బట్టల షాపు సంచిలో ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, స్కానింగ్ కాగితాలు తేదీలవారీగా పేర్చి తెచ్చారు. దారిలో ఏ స్టేషన్లో దిగితే బాత్‌రూమ్ ఎటువైపు ఉంటుందో ఆవిడకు కంఠతా వచ్చు. పొద్దున మంచినీళ్లు కూడా సరిగ్గా తాగకుండా బయలుదేరి, ఆఫీసు చేరాకే టిఫిన్ డబ్బా విప్పుతారు. చివర్లో, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్లు, "ఆదివారం మాత్రం ఏమీ ఉండదండీ" అన్నారు. ఆ సంచిలోని కాగితాలన్నిటికంటే నాకు ఎక్కువ చెప్పింది, ఆఫీసు లేని రోజున బాధా లేదన్న ఆ ఒక్క మాటే.

కడుపు తరుక్కుపోయిందనీ, పేగులు మెలిపెట్టాయనీ మనవాళ్లు ఊరికే అనలేదు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి గాయమై, జీర్ణాశయంలోకి ఒక రంధ్రం మూసుకోకుండా మిగిలిపోయింది. ఆయనకు చికిత్స చేసిన విలియం బోమాంట్ ఆ రంధ్రం గుండా ఏళ్ల తరబడి లోపలికి చూసి, కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ చెడుతుందని 1833లో పుస్తకంగా రాశారు.

అన్నవాహిక నుంచి మలద్వారం దాకా జీర్ణనాళపు గోడలో 10 కోట్లకు పైగా నాడీకణాలు వలలా అల్లుకుని ఉంటాయి. మెదడు చెప్పకపోయినా ఆహారాన్ని ముందుకు నెట్టే పనిని ఈ వల చాలావరకు తానే నడుపుకుంటుంది. దీనిని మెదడుతో కలిపే ముఖ్యమైన దారి వేగస్ నాడి. అందులోని పోగుల్లో సుమారు 80 శాతం లోపలి అవయవాల కబురును మెదడుకు మోసుకుపోయేవే, అంటే కడుపు వినేదానికంటే చెప్పేదే ఎక్కువ. సంతోషానికి ముడిపెట్టి చెప్పే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో 90 శాతానికి పైగా తయారయ్యేదీ పేగులోనే. అది రక్తం ద్వారా మెదడులోకి చేరదు కాబట్టి ఫలానా పండు తింటే సంతోషం కలుగుతుందన్న ప్రచారాన్ని నమ్మకండి. అది పేగు కదలికను నడిపిస్తుంది, అక్కడి నాడుల కొసలను తట్టి కబురు పంపిస్తుంది.

పేగులో పైకి కనిపించే జబ్బేమీ లేకుండానే కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం పదే పదే వచ్చే బాధను ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారు. అది ఉన్నవారిలో చాలామందికి ఈ కబురు హెచ్చుగా వినబడుతుంది. కాస్త గ్యాస్‌తో పేగు సాగితే ఇతరులకు తెలియను కూడా తెలియదు, వీరికి అది నొప్పి. భయం ఆ నొప్పిని పెంచుతుంది, నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది. పేగు గోడ చూడటానికి బాగానే ఉంటుంది కనుక ఎండోస్కోపీలో ఇదేమీ కనిపించదు. అందుకే ఇలాంటి జబ్బులను గుర్తించడానికి వైద్యులు వాడే 2016 నాటి అంతర్జాతీయ రోమ్ ప్రమాణాలు ఐబీఎస్ లాంటి బాధలను పేగుకూ మెదడుకూ మధ్య సంబంధంలో వచ్చే రుగ్మతలుగా నిర్వచించాయి.

ఈ సంబంధంలో పేగులోని సూక్ష్మజీవుల పాత్ర కూడా ఉంది. ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి అతిగా స్పందిస్తాయని 2004లో జపాన్ పరిశోధకులు చూపారు. అయితే అవి ఎలుకలు. పెరుగన్నం, చద్దన్నం హాయిగా తినండి. దిగులుకు మందని చెప్పి అమ్మే ప్రోబయోటిక్ (మేలుచేసే సూక్ష్మజీవుల) క్యాప్సూల్స్‌కు మాత్రం వేల రూపాయలు పోయకండి.

ఐబీఎస్‌కు ఎమిట్రిప్టిలిన్ అనే మందు తక్కువ మోతాదులో రాస్తే "ఇది డిప్రెషన్ మందట కదా, నాకేమైనా పిచ్చా?" అని బాధపడతారు. అంత చిన్న మోతాదు ఇచ్చేది నాడుల అతిస్పందనను తగ్గించడానికి. ఐబీఎస్‌లో అది ఉపయోగపడుతుందని 2023లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. కానీ మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలైనా, యాభై దాటాక బాధ కొత్తగా మొదలైనా, ఇది టెన్షనేలే అని ఊరుకోకూడదు; ముందు పరీక్షలు జరగాలి.

మెట్రోలో వెళ్లే ఆవిడకు ఇప్పటికీ నెలకు ఒకటి రెండుసార్లు దారిలో అమీర్‌పేట స్టేషన్లో బాత్‌రూమ్‌కు పరుగెత్తక తప్పడం లేదట. అయినా ఈమధ్య ఇంట్లోనే రెండు ఇడ్లీలు తిని రైలెక్కుతున్నారు.