భోజనంతో మద్యం, మంచి కొలెస్ట్రాల్, గుండె

సభకు నమస్కారం.

రాత్రి భోజనంతో ఒక గ్లాసు ఎర్ర వైన్ తాగితే గుండెకు మేలన్న నమ్మకానికి పుట్టిల్లు ఫ్రాన్సు. వెన్న, చీజ్ ధారాళంగా తినే ఫ్రెంచివారిలో గుండెపోటు మరణాలు తక్కువగా ఉండటానికి వైన్ కారణం కావచ్చని సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ 1992లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. ఆ మేలు కొలెస్ట్రాల్ వల్ల కాదని, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు గుంపుకట్టకుండా ఉండటం వల్లనేమోనని వారు భావించారు. జనంలోకి వచ్చేసరికి ఆ సంగతి మరుగునపడి, ‘మద్యం మంచి కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది’ అన్న మాటే మిగిలింది.

ఆ మాట అబద్ధం కాదు. రోజుకు 30 గ్రాముల ఆల్కహాల్‌తో హెచ్‌డీఎల్, అంటే ఆ మంచి కొలెస్ట్రాల్, డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తానికి సుమారు 4 మిల్లీగ్రాములు పెరుగుతుందని 1999లో అనేక ప్రయోగాలను కలిపి లెక్కగట్టారు. 30 గ్రాములంటే మన దగ్గర అమ్మే విస్కీలో దాదాపు 90 మిల్లీలీటర్లు. అదే లెక్కలో ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని మరో రకం కొవ్వు కూడా పెరిగింది. ఆ సగం మాత్రం ఎవరూ చెప్పరు.

అయితే హెచ్‌డీఎల్ అంకె పెరిగినంత మాత్రాన గుండెకు రక్షణ దొరుకుతుందా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను 70 శాతానికి పైగా పెంచినా, వాడినవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006లో ఆ పరీక్షను ఆపేశారు. పుట్టుకతోనే హెచ్‌డీఎల్‌ను పెంచే ఒక జన్యుమార్పు ఉన్నవారికి గుండెపోట్లు తగ్గలేదని 2012లో తేలింది. ఇంత పెద్ద పెరుగుదలే కాపాడనప్పుడు, మద్యం తెచ్చే నాలుగు మిల్లీగ్రాములను నమ్ముకోమని రోగికి చెప్పడానికి వైద్యుడిగా నాకు మనసొప్పదు.

భోజనంతో తాగడం వల్ల ఒక తేడా నిజంగానే ఉంది. కడుపులో ఆహారం ఉంటే ఆల్కహాల్ పేగుల్లోకి నెమ్మదిగా చేరుతుంది కనుక రక్తంలో దాని మోతాదు ఒక్కసారిగా ఎగబాకదు. కానీ కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిసినప్పుడు, తిన్న తరువాత సహజంగా పెరిగే ట్రైగ్లిజరైడ్లను మద్యం ఇంకా పైకి నెడుతుంది. ఇజ్రాయెల్‌లో అంతకుముందు మద్యం తాగని 224 మంది మధుమేహ రోగులకు రెండేళ్లపాటు రాత్రి భోజనంతో 150 మిల్లీలీటర్ల ఎర్ర వైన్, తెల్ల వైన్, నీళ్లలో ఏదో ఒకటి ఇచ్చి చూశారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఎర్ర వైన్ తాగినవారి హెచ్‌డీఎల్ నీళ్లు తాగినవారితో పోలిస్తే సుమారు 2 మిల్లీగ్రాములు పెరిగింది. గుండెపోట్లు తగ్గుతాయా లేదా అన్నది తేల్చడానికి ఆ ప్రయోగం సరిపోదు.

మితంగా తాగేవారే అసలు తాగనివారికన్నా ఆరోగ్యంగా కనిపించిన పాత సర్వేలలో, జబ్బుపడి మానేసినవారిని కూడా ‘తాగనివారి’ కిందే జమకట్టిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ చిక్కును దాటేందుకు, పుట్టుకతో వచ్చిన జన్యుమార్పు వల్ల తక్కువ తాగేవారిని మిగిలినవారితో పోల్చారు. రెండున్నర లక్షల మందికి పైగా ఉన్న ఆ అధ్యయనంలో, వారికి గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉందని 2014లో వెల్లడైంది. మనకు ఇంకా దగ్గరి సంగతి: గుండెపోటు కారణాలపై 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాసులకు మద్యం వల్ల రక్షణ కనిపించలేదు. హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉండటం మనవారిలో తరచుగా చూసే సమస్య.

అందుకే, తాగే అలవాటు లేనివారిని గుండె కోసమని మొదలుపెట్టమని నేను చెప్పను. హెచ్‌డీఎల్ తక్కువగా ఉందని రిపోర్టు పట్టుకొచ్చేవారికి నడక, పొగ మానడం, నడుము కొలత తగ్గించుకోవడం చెబుతాను. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 500 మిల్లీగ్రాములు దాటినవారు మాత్రం భోజనంతో తాగే ఆ ఒక్క గ్లాసునూ పూర్తిగా మానేయాలి. ఆ స్థాయిలో క్లోమగ్రంథి వాచి ప్రాణాల మీదికి వచ్చే ప్రమాదం ఉంది.